టాన్సిల్స్ వాచాయి సరే, ఎందుకు వాచాయి?

ఈసారి మీ ఉత్తరాల్లో ఎక్కువ భాగం కుక్కల గొంతు చుట్టూనే తిరిగాయి. దగ్గు, ఓకరింత, తిండి మానేయడం, "టాన్సిలైటిస్ అన్నారు, ఇప్పుడేం చేయాలి" అనే టెన్షన్. ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలు కాబట్టి చర్మం, గోళ్ల సంగతులు వచ్చే సంచికకు ఉంచేసి ఈ పేజీలు మొత్తం గొంతుకే ఇచ్చేస్తున్నాను. ఉత్తరాలు కాస్త కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా పొమేరేనియన్‌కి పది నెలలు. నాలుగు రోజులుగా మెడ ముందుకు చాచి, తల కిందికి దించి "ఖ్ఖ్" అంటోంది. ఏదో ఇరుక్కుందేమో అనుకున్నాం. చివర్లో కొంచెం తెల్లటి నురగ తప్ప ఏమీ రావడం లేదు. గిన్నె దగ్గరికి ఆశగా వెళ్తుంది, వాసన చూస్తుంది, వెనక్కి వచ్చేస్తుంది. డాక్టర్ గారు నోరు తెరిచి చూసి టాన్సిలైటిస్ అన్నారు. అసలు కుక్కలకి టాన్సిల్స్ ఉంటాయా?

జవాబు: ఉంటాయండి. మనలాగే గొంతు మొదట్లో, నాలుక వెనక భాగానికి అటొకటి ఇటొకటి. తేడా ఏమిటంటే ఆరోగ్యంగా ఉన్న కుక్కలో అవి చాలాసార్లు కంటికి కనిపించవు. ఒక్కోదానికి ఒక్కో చర్మపు మడత ఉంటుంది, అందులో అది జేబులో వేసుకున్న గింజలా దాగి ఉంటుంది. వాచినప్పుడు ఆ మడతలో పట్టక బయటికి తోసుకొస్తుంది, లేత గులాబీ రంగు పోయి ఎర్రగా మెరుస్తుంటుంది, ఒక్కోసారి పైన తెల్లటి చుక్కలు, పల్చటి పొర, ముట్టుకుంటే చిన్నగా రక్తం కూడా. మీ డాక్టర్ గారు చూసింది అదే అయి ఉంటుంది.

మీరు రాసిన లక్షణాలు బాగా సరిపోతున్నాయి. మెడ చాచడం, పొడిగా చిన్న దగ్గు, దగ్గు చివర ఓకరింత, నురగ, తర్వాత పెదాలు నాక్కుంటూ రెండు మూడుసార్లు గుటక వేయడం. ఆ చివరి గుటకలు గమనించండి, చాలామంది నురగ చూసి "వాంతి అవుతోంది" అని రాస్తారు గానీ అది పొట్టలోంచి వచ్చింది కాదు, గొంతులో ఊరిన కఫం. ఇక ఆకలి ఉండి కూడా తినకపోవడం గొంతు నొప్పికి మంచి గుర్తు. ఆకలే లేని కుక్క గిన్నె వైపు చూడదు. నొప్పి ఉన్న కుక్క వెళ్తుంది, చూస్తుంది, ఒక ముద్ద నోట్లో వేసుకుని వదిలేస్తుంది.

వేరే ఏ జబ్బూ లేకుండా నేరుగా టాన్సిల్స్‌కే ఇన్ఫెక్షన్ రావడం కుక్కల్లో అంత తరచుగా జరగదు. వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా ఇలాగే, చిన్న జాతి కుక్కల్లో, చిన్న వయసులో, రెండు వైపులా వస్తుంది. అందుకని మీ కుక్క విషయంలో నాకు పెద్ద భయం లేదు. మామూలుగా అమాక్సిసిలిన్ కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్ 10 నుంచి 14 రోజులు ఇస్తారు, నొప్పి ఎక్కువగా ఉంటే కుక్కలకని తయారుచేసిన నొప్పి మందు కొన్ని రోజులు. మూడో రోజుకే గెంతులు వేస్తుంది, అప్పుడు మందు ఆపకండి. డాక్టర్ గారు ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులూ పూర్తి చేయండి, సగంలో ఆపితే అణిగిన బ్యాక్టీరియా మళ్లీ తలెత్తే అవకాశం ఉంటుంది. రెండు మూడు రోజులైనా ఏ మార్పూ లేదంటే మాత్రం కోర్సు అయ్యేదాకా చూద్దామని కూర్చోకుండా మళ్లీ చూపించండి.

పొమేరేనియన్ కాబట్టి ఇంకో మాట. ఈ జాతిలో శ్వాసనాళం వదులై నొక్కుకుపోయే సమస్య కూడా ఉంటుంది. అప్పుడు దగ్గు బాతు అరిచినట్టు గట్టిగా వస్తుంది, అదీ ఉత్సాహపడినప్పుడో, మెడ బెల్టు లాగినప్పుడో. గొంతు తగ్గాక కూడా అలాంటి దగ్గు మిగిలితే చెప్పండి. ఈలోగా మెడ బెల్టు తీసేసి ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడండి. వాచిన గొంతు మీద బెల్టు ఒత్తిడి ఎందుకు?

ప్రశ్న: మా లాబ్రడార్‌కి నాలుగేళ్లు. ఈ ఏడాదిలో టాన్సిలైటిస్ రావడం ఇది మూడోసారి. ప్రతిసారీ యాంటీబయాటిక్ రాస్తున్నారు, తగ్గుతోంది, నెలో రెండు నెలలో గడిచాక మళ్లీ మొదలు. మా ఆయన ఈసారి ఇంకా పవర్‌ఫుల్ మందు అడుగుదాం అంటున్నారు.

జవాబు: మందు పవర్ గురించి కాదండి ఆలోచించాల్సింది. ఈ సంచికలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవమంటాను అందరినీ.

పెద్ద కుక్కలో, పదే పదే టాన్సిల్స్ వాస్తున్నాయంటే చాలాసార్లు అవి అసలు రోగి కావు. గొంతు అనేది దారి. పై నుంచి వెళ్లేవీ కింద నుంచి వచ్చేవీ అన్నీ దానిమీదుగానే పోవాలి, టాన్సిల్స్ ఆ దారి పక్కన కాపలా ఉండే కణజాలం. దారిలో రోజూ ఏదో మురికి పోతుంటే అవి వాచకుండా ఎలా ఉంటాయి? యాంటీబయాటిక్ ఆ వాపును అణుస్తుంది, మురికి ఆగదు, నెల తర్వాత మళ్లీ అదే కథ. ఇంకా గట్టి మందు వేస్తే మధ్యలో నాలుగు రోజులు ఎక్కువ ప్రశాంతంగా గడుస్తాయేమో, అంతే. పైగా మందులకు లొంగని బ్యాక్టీరియాను మనమే పెంచి పోషించినట్టవుతుంది.

కాబట్టి ఈసారి మీ డాక్టర్ గారిని అడగాల్సిన ప్రశ్న "ఏ మందు?" కాదు, "ఎందుకు మళ్లీ మళ్లీ వస్తోంది?" అని. ఆయన ఎక్కడెక్కడ వెతుకుతారో, మీరు ఇంట్లో ఏం గమనించి చెప్తే ఆయన పని సులువవుతుందో చెప్తాను.

మొదట పొట్ట. మీ కుక్క తరచుగా కక్కుతోందా? కక్కుతుంటే ఎలా కక్కుతోంది? ఇక్కడ రెండు వేర్వేరు విషయాలున్నాయి, రెంటినీ మనం వాంతి అనే అంటాం. ఒకటి నిజం వాంతి, డొక్కలు ఎగిరెగిరి పడతాయి, పొట్ట బిగుసుకుంటుంది, చొంగ కారుతుంది, అప్పుడు బయటికి వస్తుంది, చాలాసార్లు పచ్చటి పైత్యం కలిసి ఉంటుంది. రెండోదాంట్లో ఈ ప్రయాస ఏదీ ఉండదు, కుక్క తల వంచగానే తిన్నది తిన్నట్టే, ఒక్కోసారి గొట్టం ఆకారంలో ముద్దగా, జారి పడిపోతుంది. అంటే ఆ తిండి పొట్టదాకా వెళ్లనే లేదు, అన్నవాహికలోనే ఆగి వెనక్కి వచ్చింది. అన్నవాహిక సాగిపోయి వదులైపోయే జబ్బులో ఇలా జరుగుతుంది, అది ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఇది వదిలేయదగ్గ విషయం కాదు, వెనక్కి వచ్చిన తిండి ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చు. రెండింట్లో ఏది జరిగినా ఆమ్లమో పులిసిన తిండో గొంతును రోజూ తడుపుతుంటుంది, టాన్సిల్స్ ఎర్రబడతాయి. అందుకే ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. పది నిమిషాలు మాటల్లో వర్ణించినా తెలియనిది అర నిమిషం వీడియోలో తెలిసిపోతుంది, నా దగ్గరకు వచ్చే వాళ్లందరికీ నేను చెప్పేది ఇదే.

తర్వాత పళ్లు. పెదవి పక్కకు లాగి పైన వెనక దవడ పళ్లు చూడండి, గోధుమ రంగు గార గట్టిగా కట్టి, చిగురు అంచు ఎర్రగా ఉబ్బి, వాసన వస్తోందా? ముందు పళ్లు తెల్లగా మెరుస్తున్నా వెనక పళ్లు పాడై ఉండటం మామూలే. ఆ చిగుళ్లలోంచి బ్యాక్టీరియా గుటక గుటకకీ గొంతులోకి పోతుంటుంది. అలాంటప్పుడు మత్తు ఇచ్చి పళ్లు శుభ్రం చేయిస్తే, కదిలే పళ్లు తీయిస్తే, గొంతు కూడా కుదుటపడుతుంది.

ముక్కు కూడా. ఎప్పుడూ ఒక ముక్కు కారుతుంటే, తుమ్ములు వస్తుంటే ఆ చీమిడి వెనక నుంచి గొంతులోకే దిగుతుంది. ఇక దీర్ఘకాలం దగ్గు ఉన్నా అంతే, ఊపిరితిత్తుల నుంచి పైకి వచ్చే కఫం గొంతు మీదే కూర్చుంటుంది.

మీది లాబ్రడార్, కాబట్టి కర్రలు నమిలే అలవాటు ఉందేమో ఆలోచించండి. కర్ర పేడు, గడ్డి ముల్లు, ఎముక ముక్క ఏదైనా టాన్సిల్ దాక్కునే ఆ మడతలోకి దూరిపోతే పైకి కనిపించదు, లోపల చీము పడుతుంది, యాంటీబయాటిక్ వాడినంత కాలం తగ్గి ఆపగానే తిరగబెడుతుంది. మీరు రాసింది సరిగ్గా ఇలాగే ఉంది. దీనికి మత్తు ఇచ్చి ఆ మడతను తెరిచి వెతకాల్సిందే, మెలకువగా ఉన్న కుక్క అక్కడ చూడనివ్వదు. ముఖ్యంగా ఒక వైపు వాపు రెండో వైపు కంటే ఎక్కువగా ఉంటే నాకు ముందు ఇదే అనుమానం వస్తుంది.

ఇంకొకటి, కొందరికి ఇబ్బందిగా అనిపించినా చెప్పాలి. మలద్వారానికి రెండు పక్కలా చిన్న సంచులుంటాయి, అవి నిండిపోయి దురద పెడితే కుక్క కూర్చుని నేల మీద ఈడ్చుకుంటుంది, అస్తమానం అక్కడ నాకుతుంది. అక్కడి బ్యాక్టీరియా నోటికీ గొంతుకీ చేరుతుంది. బాగా వాచిన టాన్సిల్స్ నుంచి తీసి ల్యాబ్‌లో పెంచి చూస్తే దొరికే బ్యాక్టీరియాలో ఇ.కొలై (E. coli) కూడా ఉంటుంది, పేగుల్లో ఉండే రకమే. ఆ సంచుల్ని డాక్టర్ ఖాళీ చేస్తారు, పని నిమిషాల్లో అయిపోతుంది.

"గొంతులోంచి శాంపిల్ తీసి కల్చర్ చేయించమంటారా" అని, అంటే బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష గురించి కూడా రాశారు. నోట్లో మామూలుగానే రకరకాల బ్యాక్టీరియా ఉంటాయి కాబట్టి పైపైన దూదితో తుడిచి పంపితే వచ్చే రిపోర్టు పెద్దగా దారి చూపదు. చీము దొరికినప్పుడు, లోపలి కణజాలం తీసినప్పుడు పంపితే అర్థం ఉంటుంది. ఆ డబ్బు ముందు మత్తులో నోరు పూర్తిగా చూడటానికీ, ఛాతీ ఎక్స్‌రేకీ పెట్టమంటాను.

ప్రశ్న: టాన్సిల్స్ తీయించేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

జవాబు: కుక్కల్లో అది చివరి మెట్టు. కారణం ఎంత వెతికినా దొరక్క, మందులకు మళ్లీ మళ్లీ తిరగబెడుతున్నప్పుడు, లేదా గుటకకో ఊపిరికో అడ్డం పడేంత పెద్దవైనప్పుడు, లేదా గడ్డ అనుమానం ఉన్నప్పుడు తీస్తారు. రక్తం బాగా ప్రవహించే చోటు, ఆపరేషన్ తర్వాత గొంతు వాచి ఊపిరి ఇబ్బంది కావచ్చు, రక్తం శ్వాసనాళంలోకి పోకుండా చూసుకోవాలి, అందుకని ఆ రాత్రి గమనించే ఏర్పాటున్న చోటే చేయించాలి. చిన్న వయసు కుక్కల్లో అయితే తొందరపడొద్దు. పెరిగేకొద్దీ ఈ బాధ దానంతటదే తగ్గిపోయినవి చాలా చూశాను. పొట్ట జబ్బు అలాగే ఉంచి టాన్సిల్స్ తీయిస్తే మాత్రం టాన్సిల్స్ లేని ఎర్రటి గొంతు మిగులుతుంది మీకు.

ప్రశ్న: రాత్రి పూట డాక్టర్ దొరకలేదు, మా పాపకి గొంతు నొప్పికి వాడిన సిరప్ ఇంట్లో ఉంది, పోనీ అందులో సగం డోసు వేయనా అనుకుని ఆగిపోయాను. వేసి ఉంటే తప్పా?

జవాబు: ఆగిపోయి మంచి పని చేశారు. దయచేసి ఇది ఇంట్లో అందరికీ చెప్పండి. ఐబుప్రొఫెన్ కుక్కల్లో పొట్టలో పుండ్లు చేస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది, మనకు చిన్న మోతాదు అనిపించేది కూడా వాటికి ఎక్కువే. పారాసెటమాల్ లివర్‌ని పాడు చేస్తుంది, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని కూడా దెబ్బతీయగలదు, ఇంట్లో పిల్లి ఉంటే దానికైతే ఇంకా ఘోరం. ఇవి రెండూ పిల్లల సిరప్పుల్లో మామూలుగా ఉండేవే.

మందు సంగతి అలా ఉంచి, సిరప్‌లోనూ చప్పరించే గొంతు బిళ్లల్లోనూ తీపి కోసం జైలిటాల్ అనే పదార్థం కలుపుతుంటారు. మనకు ఏమీ కాదు. కుక్క రక్తంలో మాత్రం అరగంట, గంటలోనే చక్కెర పడిపోయేలా చేస్తుంది, తూలిపోతుంది, ఫిట్స్ రావచ్చు, తర్వాత లివర్ కూడా దెబ్బతినొచ్చు. పొరపాటున తినేస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి, సీసానో అట్టపెట్టెనో చేత్తో పట్టుకుని వెళ్లండి. ఉప్పు నీళ్లు పుక్కిలించడం మనకు పనికొస్తుంది గానీ కుక్క పుక్కిలించదు, మింగుతుంది, ఎక్కువ ఉప్పు దానికి విషమే. అది కూడా వద్దు.

మీ దగ్గర పాత ప్రిస్క్రిప్షన్ తాలూకు కుక్కల నొప్పి మందు మిగిలి ఉన్నా సొంతంగా వేయకండి. డాక్టర్ అప్పటికే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఆ రెండూ కలిసి పొట్టలో రక్తస్రావం చేయగలవు. ఆ రాత్రికి మీరు చేయగలిగింది చల్లటి నీళ్లు అందుబాటులో ఉంచడం, ఆడించకుండా పడుకోనివ్వడం, బెల్టు తీసేయడం. తెల్లారేదాకా ఆగలేని పరిస్థితులు కొన్ని ఉన్నాయి, అవి కింద ఇంకో జవాబులో రాశాను.

ప్రశ్న: మా కుక్కకి పదకొండేళ్లు. మామూలు చెకప్‌కి తీసుకెళ్తే ఎడమ టాన్సిల్ ఒక్కటే పెద్దగా ఉందన్నారు. తింటోంది, తిరుగుతోంది, కానీ ముక్క తీసి పరీక్షకు పంపాలంటున్నారు. ఈ వయసులో మత్తు ఇవ్వడం అవసరమా? నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ భయం అర్థమైంది, అయినా పంపించండి అనే చెప్తాను. వయసైన కుక్క, ఒక్క వైపే, జ్వరం గానీ ఇన్ఫెక్షన్ లక్షణాలు గానీ లేవు. ఇలాంటప్పుడు "యాంటీబయాటిక్ వేసి చూద్దాం" అని నెలలు గడిపేయడం కంటే అనుమానం తీర్చుకోవడం మేలు. టాన్సిల్‌లో వచ్చే క్యాన్సర్ ఎక్కువగా ఇలా వయసైన కుక్కల్లో, ఒక వైపే మొదలవుతుంది, టాన్సిల్ చిన్నగా ఉన్నప్పుడే మెడ దగ్గర గ్రంథులకు పాకే గుణం దానికి ఉంది. కొన్నిసార్లు ఇంటి వాళ్లు ముందు చూసేది దవడ కింద బిళ్ల కట్టడమే, గొంతు సంగతి ఆ తర్వాత బయటపడుతుంది. రెండు వైపులా సమానంగా పెరిగి, ఒంట్లో మిగతా చోట్ల కూడా బిళ్లలు తగిలితే అది లింఫోమా అనే ఇంకో రకం క్యాన్సర్ కావచ్చు, దాని వైద్యం వేరు.

ఇంకా తేలని విషయానికి ముందే కుమిలిపోకండి. ఒక వైపు వాపుకి గడ్డి ముల్లు దిగడమో, చీము పట్టడమో కూడా కారణం కావచ్చు, ఆ మత్తులోనే అదీ చూసేస్తారు. మత్తు ఇచ్చే ముందు రక్త పరీక్ష, గుండె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయమని అడగండి. పదకొండేళ్లు అనేది దానంతటదే మత్తుకు అడ్డు కాదు, కిడ్నీలూ గుండే ఎలా ఉన్నాయన్నదే లెక్క. దవడ కింద గ్రంథి వాచి ఉంటే ముందు దాన్నుంచి సన్నటి సూదితో కొన్ని కణాలు తీసి చూడొచ్చు, దానికి చాలా కుక్కలకు మత్తు కూడా అక్కర్లేదు. ఫలితం చెడుగా వస్తే ఆపరేషనొక్కదానితో నయమవుతుందని చెప్పలేను, రేడియేషన్, కీమో కలిపి కొంత కాలం హాయిగా ఉంచవచ్చు, లేదా నొప్పి లేకుండా చూసుకుంటూ మిగిలిన రోజులు ఇంట్లో గడపనివ్వవచ్చు. ఏది ఎంచుకున్నా అది ప్రేమ లేక తీసుకున్న నిర్ణయం కాదు. పరీక్ష వచ్చాక మళ్లీ రాయండి, విడిగా జవాబిస్తాను.

ప్రశ్న: మా బాబుకి టాన్సిల్స్ వాచి తగ్గిన వారానికే కుక్కకి దగ్గు మొదలైంది. ఇంట్లో ఇంకో కుక్కపిల్ల కూడా ఉంది. బాబు నుంచి దీనికి, దీన్నుంచి దానికి అంటుకుంటాయా?

జవాబు: బాబు విషయంలో నిశ్చింతగా ఉండండి. పిల్లల్లో గొంతు నొప్పి తెప్పించే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా రకం మనుషుల్లోనే ఉంటూ మనుషుల మధ్యే తిరుగుతుంది, ఇంట్లో కుక్క దానికి పెద్ద నిలయం కాదు. రెండూ ఒకే వారంలో రావడం యాదృచ్ఛికం అయ్యే అవకాశమే ఎక్కువ.

కుక్క నుంచి కుక్కకి అంటే అది వేరే సంగతి. టాన్సిలైటిస్ ఒక్కటే అయితే అంటుకునే గుణం తక్కువ. కానీ కెన్నెల్ కాఫ్ అనే అంటు దగ్గు వచ్చినప్పుడు కూడా గొంతు, టాన్సిల్స్ ఎర్రబడతాయి, దగ్గు చివర అదే ఓకరింత, అదే నురగ. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ మధ్య రెండు వారాల్లో మీ కుక్క వేరే కుక్కలు ఉన్న చోటికి వెళ్లిందా, హాస్టల్‌లో వదిలారా, స్నానం చేయించే సెలూన్‌కి తీసుకెళ్లారా? వెళ్లి ఉంటే తేలేదాకా కుక్కపిల్లను వేరే గదిలో ఉంచండి, నీళ్ల గిన్నెలు, బొమ్మలు వేరు చేయండి. పెద్ద కుక్కలో ఇది ఒకటి నుంచి మూడు వారాల్లో తగ్గిపోతుంది, కుక్కపిల్లలో ఊపిరితిత్తుల దాకా దిగొచ్చు, అందుకే ఈ జాగ్రత్త. దీనికి టీకా ఉంది, పూర్తిగా రాకుండా ఆపకపోయినా తీవ్రత తగ్గిస్తుంది.

ప్రశ్న: మా పగ్ గొంతు ఎప్పుడు చూపించినా కొంచెం ఎర్రగా ఉంది అంటారు. నిద్రలో గురక కూడా.

జవాబు: పొట్టి మూతి కుక్కల్లో గొంతు వెనక ఉండే మెత్తటి అంగిలి పొడుగ్గా ఉంటుంది, ముక్కు రంధ్రాలు సన్నగా ఉంటాయి, ప్రతి శ్వాసకీ బలంగా లాగాలి. ఆ లాగుడుకే గొంతు వాచి, టాన్సిల్స్ కూడా మడతల్లోంచి బయటికి వస్తాయి. కాబట్టి అక్కడ యాంటీబయాటిక్ చేసేదేమీ లేదు. బరువు తగ్గించండి, ఎండలో తిప్పకండి, హార్నెస్ వాడండి, ముక్కు రంధ్రాలూ అంగిలీ సరిచేసే ఆపరేషన్ అవసరమా అని ఒకసారి చూపించుకోండి. అది చిన్న వయసులో చేయిస్తే ఫలితం బాగుంటుంది.

ప్రశ్న: ఇంట్లోనే నోరు తెరిచి టార్చ్ వేసి చూడొచ్చా? ఎప్పుడు పరుగెత్తుకు రావాలో, ఎప్పుడు పొద్దున్నదాకా ఆగొచ్చో ఎలా తెలుస్తుంది?

జవాబు: మొదటి ప్రశ్నకి నా జవాబు వద్దు అనే. మామూలుగా ఉన్న కుక్క ఆవలించినప్పుడు చూడండి, తప్పులేదు. గొంతు నొప్పితో ఉన్న కుక్క నోరు బలవంతంగా తెరిస్తే ఎంత మంచిదైనా కరుస్తుంది.

అంతకంటే పెద్ద కారణం ఉంది. గుటక వేయలేకపోవడం, చొంగ కారడం, అరుపు మారడం, కింది దవడ వేలాడటం, ఇవి రేబిస్ లక్షణాలు కూడా. రేబిస్ కుక్క ఎప్పుడూ మీదపడి కరుస్తుందనుకుంటాం, ఒక రకంలో అది నిశ్శబ్దంగా ఓ మూల కూర్చుని నోరు మూయలేక చొంగ కారుస్తుంటుంది. "పాపం, ఎముక ఇరుక్కుంది" అని చెయ్యి లోపల పెట్టి తీయబోయిన వాళ్లకి ఆ చొంగ నుంచి జబ్బు అంటుకునే ప్రమాదం ఉంది. టీకాలు సరిగ్గా వేయని కుక్క, ఈ మధ్య వేరే జంతువు కరిచిన కుక్క, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని కుక్క అయితే నోటి దగ్గరికి చెయ్యి పోనివ్వకండి. అప్పటికే చెయ్యి పెట్టేసి ఉంటే, గీతలు పడి ఉంటే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే మనుషుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక పరుగెత్తాల్సిన సందర్భాలు. చిగుళ్లు, నాలుక నీలంగానో పాలిపోయో ఉంటే. ఊపిరి కోసం మోచేతులు బయటికి చాపి నిలబడి, పడుకోలేకపోతుంటే. నిద్రలో ఊపిరి నిమిషానికి ముప్పై దాటి, లెక్కపెట్టిన ప్రతిసారీ అలాగే ఉంటే. తన ఉమ్మి కూడా మింగలేక ధారగా కారుతుంటే. ముఖం మీద పంజాతో పదే పదే కొట్టుకుంటూ ఉక్కిరిబిక్కిరి అవుతుంటే, ఏదో ఇరుక్కుని ఉండొచ్చు. దారం బయటికి వేలాడుతూ కనిపిస్తే లాగకండి, రెండో చివర సూది ఉండొచ్చు, పేగుల్లో ఉండొచ్చు.

పెద్ద జాతి, లోతైన ఛాతీ ఉన్న కుక్కల వాళ్లు ఇది వేరుగా గుర్తుపెట్టుకోండి. మళ్లీ మళ్లీ ఓకరిస్తోంది, నురగ తప్ప ఏమీ రావడం లేదు, పొట్ట ఉబ్బుతోంది, ఒకచోట నిలవలేకపోతోంది. అది గొంతు కాదు, పొట్ట గాలితో ఉబ్బి మెలి తిరిగి ఉండొచ్చు. దానికి గంటలే గడువు. "టాన్సిలైటిస్ పోయినసారి కూడా ఇలాగే ఉంది కదా" అనుకుని తెల్లారేదాకా ఆగితే కుక్క దక్కదు.

ఆగదగ్గవి: అప్పుడప్పుడు ఓకరిస్తోంది గానీ నీళ్లు తాగుతోంది, తోక ఊపుతోంది, ఊపిరి మామూలుగా ఉంది. థర్మామీటర్ పెట్టడం వచ్చిన వాళ్లకి, కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్, మనకంటే ఎక్కువే, 103 దాటితే జ్వరం కిందే లెక్క. ముక్కు తడి, చెవుల వేడి చూసి జ్వరం తేల్చకండి. ఇంకోటి, నిలబడి ముక్కుతో గబగబా గాలి లోపలికి లాగుతూ గురగురమని, అర నిమిషంలో ఏమీ జరగనట్టు వెళ్లి ఆడుకుంటే అది వెనక తుమ్ము. చూడ్డానికి భయంగా ఉంటుంది, మామూలుగా మందు అక్కర్లేదు.

ప్రశ్న: మాత్ర వేయడమే యుద్ధంలా ఉంది. గొంతు నొప్పి ఉన్నప్పుడు దవడ పట్టుకుంటేనే మూలుగుతోంది. తిండి కూడా ముట్టడం లేదు.

జవాబు: నోరు తెరిచి లోపలికి తోయకండి, వాచిన చోటే వేలు తగులుతుంది. డాక్టర్ గారిని అదే మందు సిరప్ రూపంలో ఉందా అని అడగండి, చాలా యాంటీబయాటిక్స్ ఉంటాయి. లేకపోతే మాత్రని పొడి చేయొచ్చో లేదో కనుక్కోండి, కొన్నింటిని పొడి చేయకూడదు. సిరంజితో పోసేటప్పుడు నాలుక మీద ఎదురుగా కాకుండా బుగ్గ సంచిలో, పక్క నుంచి, కొంచెం కొంచెం, గుటక వేశాక తర్వాతది. తల పైకెత్తి పట్టుకోకండి, ఊపిరి దారిలోకి పోతుంది. మొదటి రెండు మూడు రోజులు మందు మింగే పరిస్థితే లేకపోతే ఇంజెక్షన్‌తో మొదలుపెట్టొచ్చు, అడగడానికి మొహమాటపడకండి.

తిండి విషయంలో అది రోజూ తినేదే నీళ్లు పోసి నానబెట్టి జావలా మెత్తగా చేసి, గోరువెచ్చగా పెట్టండి. వేడి చేస్తే వాసన బాగా వస్తుంది, వాసన వస్తేనే కుక్క తింటుంది. వేడివేడిగా మాత్రం వద్దు. ఒకేసారి గిన్నె నిండా పెట్టకుండా రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా. గిన్నెని ఛాతీ ఎత్తులో పెడితే మెడ వంచాల్సిన పని తగ్గి కొన్ని కుక్కలు సులువుగా తింటాయి. నొప్పి మందు రాసి ఉంటే తిండితో పాటే ఇవ్వండి, ఖాళీ కడుపున వద్దు. ఏమీ తినకుండా ఒక రోజు పూర్తిగా గడిచినా, నీళ్లు కూడా తాగకపోయినా తీసుకెళ్లి సెలైన్ పెట్టించండి. కుక్కపిల్ల అయితే అంతసేపు కూడా ఆగొద్దు, పూట తప్పగానే ఫోన్ చేయండి.